ఐదు దినాల చేబదులు

చక్కెర, కాఫీపొడి, నిచ్చెన, పెద్ద దబరా, ఇట్లా ఇరుగుపొరుగులో చేబదులు అడిగే వస్తువులు చాలానే ఉంటాయి. మొగుణ్ణి చేబదులు ఇమ్మని ఇంటికొచ్చిన మనిషిని మాత్రం చౌడక్క తన యాభై రెండేళ్ళ బతుకులో అదే మొదటిసారి చూడటం.

మొగుడు అనేది కూడా సరైన మాట కాదు లెండి. సంజీవప్ప ఆమె మెడలో తాళి కట్టలేదు. రిజిస్టరాఫీసు మెట్లు ఎక్కలేదు. పద్నాలుగేళ్ళుగా ఇద్దరూ ఒకే కప్పు కింద, ఒకే మగ్గం ముందు కూర్చుని బతుకుతున్నారు, అంతే. చదువుకున్నవాళ్ళు దానికి సహజీవనం అని పేరు పెట్టారు. వీధిలోవాళ్ళు పెట్టిన పేరు ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు.

వాళ్ళు ఎట్లా కలిశారో తెలియాలంటే మగ్గం సంగతి కొంచెం చెప్పాలి. చౌడక్కది ధర్మవరంలో నేతగాళ్ళ వీధి. కట్టుకున్నవాడు సూరత్ మిల్లుల్లో పనికని పోయి, అక్కడే ఇంకో కాపురం పెట్టుకుని ఈమెను మరిచిపోయాడు. తండ్రి వదిలిపోయిన గుంత మగ్గం ఒకటి మిగిలింది. పెద్దంచు చీర ఒక్కరితో అయ్యే పని కాదు. చీర ఒంటికి ఒక రంగు, అంచుకు ఇంకో రంగు. కుడివైపు అంచు నేయడానికి పక్కన రెండో మనిషి కూర్చోవాలి. ఆ రెండో మనిషిగా కూలికి వచ్చినవాడే పెనుకొండ సంజీవప్ప. మాటలు తక్కువ. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె కావాల్సి వచ్చినప్పుడు తల కూడా ఎత్తకుండా ఎడమ చెయ్యి చాపి అరచెయ్యి తెరిచేవాడు. చౌడక్క అందులో నాడె పెట్టేది. ఏడాది పాటు నాడె మాత్రమే పెట్టింది. ఆ తరువాత ఒక మధ్యాహ్నం, బయట వాన పడుతుంటే, నాడె పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయనా వదల్లేదు. వాళ్ళ పెళ్ళికి ముహూర్తం, మంత్రం, విందు అన్నీ అదే.

ఆయనకు పెనుకొండలో పెళ్ళాం ఉంది. పద్మావతి, అంగన్‌వాడీ టీచరు. ఆ ఇద్దరికీ ఏనాడూ పొసగలేదు. ఆమె నోటితో పొమ్మంది, ఈయన కాళ్ళతో వచ్చేశాడు. విడాకులకు కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. ఆధార్ కార్డులో, రేషన్ కార్డులో ఆయన ఇప్పటికీ పెనుకొండ సంజీవప్పే, పద్మావతి భర్తే.

చౌడక్కకూ ఒక కాగితం ఉంది. దాని సంగతీ చెప్పేస్తాను, తరువాత పనికొస్తుంది. రెండు మూడేళ్ళ కిందట ఒంటరి ఆడవాళ్ళకు పింఛను రాస్తున్నారని పక్కింటి హజరాబీ కబురు తెచ్చింది. హజరాబీ పట్టుదారం కండెలకు చుట్టి ఇచ్చే మనిషి, చౌడక్కకు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఆత్మబంధువు. "నీ మొగుడు వదిలేసిపోయినది నిజమే గదా. రాపిచ్చుకో" అంది. సచివాలయం నుంచి విచారణకు వచ్చిన రోజు సంజీవప్ప చొక్కాలు, చెప్పులు హజరాబీ ఇంట్లో దాచారు. ఈమె ఒంటరిగానే ఉంటోందని ఇరుగుపొరుగు ఎవరైనా సంతకం పెట్టాలన్నారు. హజరాబీకి సంతకం రాదు. అప్పుడు పక్కింటి పెద్దమనిషిలాగా సంజీవప్పే ముందుకొచ్చి, కళ్ళజోడు తగిలించుకుని, గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు. వచ్చినాయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. "నాకెవురూ లేరని నువ్వే రాసిచ్చినావే ప్పా" అని చౌడక్క నెల రోజులు ఆయన్ని ఆటపట్టించింది.

ఇక చేబదులు అడగడానికి వచ్చింది ఎవరంటే, సంజీవప్ప కూతురు అమృత. తండ్రి ఇల్లు వదిలినప్పుడు పదేళ్ళ పిల్ల. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. జీన్స్ ప్యాంటుతో చాప మీద కూర్చోలేక అవస్థపడుతూ, చౌడక్క ఇచ్చిన మజ్జిగ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అసలు సంగతి చెప్పింది. తనకు పెళ్ళి కుదిరింది. పిల్లవాడి పేరు తేజస్, హిందూపురం వాళ్ళు. తండ్రి పట్టుగూళ్ళ వ్యాపారం చేస్తాడు. పెద్దల సంబంధం అనే ఊళ్ళో చెబుతున్నారు.

"నీకు దాచిపెట్టేదేముండాదిలే. నేనూ తేజస్ రెండేండ్లుగా బెంగళూరులో ఒకే ఇంట్లో ఉంటాండాం. ఈడ ఎవురికీ తెలీదు. హాస్టల్లో ఉండానని అనుకుంటాండారు" అంది అమృత. "మీది నాకు అర్థమైతాది. ఇంగెవురికీ కాకపోయినా నాకు అర్థమైతాది."

"అర్థమైతే చాల్లే తల్లీ. ఏం కావల్ల చెప్పు."

"పీటల మీద అమ్మా నాయనా జంటగా కూచోవల్లంట. వాండ్లమ్మ అట్లాటివి బాగా చూస్తాది. మా నాయన ధర్మవరంలో మగ్గాలు చూసుకుంటాడు, ఆదివారం ఆదివారం ఇంటికొస్తాడు అని చెప్పినాం. ఐదు దినాలు నాయన్ని పంపియ్యి చిన్నమ్మా. పెండ్లి, మరువళ్ళు అయిపోతానే నేనే తెచ్చి దింపుతా."

ఐదు దినాలనే మాట చౌడక్క చెవిన పడలేదు. చిన్నమ్మా అనే మాట పడింది. కడుపు పండని మనిషి. ఆ వరసతో ఆమెను పిలిచినవాళ్ళు అంతవరకూ ఈ భూమ్మీద లేరు. ఆ పిల్ల ఆ మాట కావాలనే దాచిపెట్టి సరైన సమయానికి తీసిందో, ఉత్తపుణ్యానికే నోట వచ్చిందో నాకు తెలియదు. చౌడక్క మాత్రం అక్కడికక్కడే కరిగిపోయింది. మగ్గం దగ్గర తల వంచుకుని ఉన్న సంజీవప్ప వైపు చూసి "పోయిరా ప్పా, బిడ్డ పెండ్లి" అంది. పైగా పెళ్ళిచీర తానే నేసిస్తానంది. అక్షింతలు వేయడానికి తాను కూడా వస్తానంది. అమృత ఒక్క క్షణం ఆగి, "రా చిన్నమ్మా, రాకుండా ఎట్ల" అంది.

ఆ ఒక్క క్షణాన్ని మూల కూర్చుని కండె చుడుతున్న హజరాబీ గమనించింది. పిల్ల వెళ్ళాక కండె పక్కన పెట్టి కేకలేసింది. "దుడ్లు ఇయ్యి, బంగారు ఇయ్యి. మనిషిని చేబదులు ఇస్తారామే యాడన్నా?"

"ఐదు దినాలే గదక్కా."

ఇరవై దినాలు కూర్చుని ఆ చీర నేశారు. అరక్కు ఎరుపు రంగు ఒళ్ళు, చిలకాకుపచ్చ అంచు. సంజీవప్ప చెయ్యి చాపడం, ఆమె నాడె పెట్టడం. చీర మగ్గం దిగాక మిగిలిన పడుగు మీద ఇంకో చీర మొదలుపెట్టి మూర నేసేసరికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. "పడుగు మీద గుడ్డ కప్పు. దుమ్ము పడనియ్యొద్దు. వచ్చినాక ఎక్కుదాం" అన్నాడు గడప దగ్గర. చౌడక్క ఇస్త్రీ చేయించిన పంచె ఆయన సంచిలో పెట్టింది. బీపీ మాత్రలు కూడా పెట్టింది. ఆ మాత్రల సంగతి ఇప్పుడే ఎందుకు చెప్పానో తరువాత మీకే తెలుస్తుంది.

పెళ్ళి రోజు ప్యాసింజర్ రైలెక్కి హిందూపురం పోయింది. కళ్యాణ మంటపంలో వెనక వరసలో, ఫ్యాను కింద కాకుండా పక్కన కూర్చుంది. పీటల మీద సంజీవప్ప, పద్మావతి. ఆయన ఉత్తరీయానికీ ఆమె కొంగుకూ ముడి వేసి ఉంది. పద్మావతి కాళ్ళకు కొత్త మెట్టెలు. ఆమె ముఖంలో సంతోషం ఏమీ లేదు, పరీక్ష రాస్తున్న పిల్లలాగా చెప్పిందల్లా చేస్తోంది. ఇది ఐదు దినాల పని, ఇది ఉత్త కొంగుముడి అని చౌడక్క తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నా కళ్ళు ఆ ముడి మీదికే పోతున్నాయి.

అక్షింతలు వేసి దిగుతుంటే పిల్లవాడి తల్లి గిరిజమ్మ ఎదురైంది. "మీరు యావ తరఫు అమ్మా?" అని నవ్వుతూ అడిగింది. చౌడక్క నోరు తెరిచే లోపల పెళ్ళికూతురే జవాబు చెప్పేసింది.

"ధర్మవరం ఆమె అత్తమ్మా. నా చీర నేసినామె."

గిరిజమ్మ ముఖం వెలిగిపోయింది. "అయ్యో, ఎంత చెన్నాగుండాది! మాకూ రెండు నేసియ్యల్ల" అని చౌడక్క చేతిలో తాంబూలం సంచి పెట్టింది. సంజీవప్ప గజం దూరంలో నిలబడి అంతా విన్నాడు. ఉత్తరీయం సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు.  మాట్లాడటానికి ఆయన్ని అక్కడికి తీసుకురాలేదు మరి. భోజనాల దగ్గర మాత్రం ఎవరూ చూడకుండా వచ్చి ఆమె ఆకులో ఇంకో ఒబ్బట్టు వేసి, "బుధవారం వచ్చేస్తా" అని గొణిగి వెళ్ళాడు.

బుధవారం రాలేదు. గురువారం ఫోను మోగి మోగి ఆగిపోయింది. శుక్రవారం మోగనే లేదు. అమృత ఫోనూ అంతే. శనివారం పొద్దున చౌడక్క పెనుకొండలో రైలు దిగి, దారి అడుగుతూ అడుగుతూ పద్మావతి ఇల్లు పట్టుకుంది.

ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మంగళవారం పొద్దున స్నానానికి లేచి పడ్డాడట. అనంతపురం తీసుకుపోయి మూడు రోజులు ఉంచుకుని పంపేశారట. చౌడక్కను చూడగానే ఆయన ఎడమ కంటి నుంచి నీళ్ళు కారాయి. ఆమె మంచం పక్కన కూలబడి, ఆయన ముఖం తుడిచి, వెంటనే పైకి లేచి పద్మావతితో "ఆటో మాట్లాడుకోనొస్తా. తీసుకపోతా" అంది.

పద్మావతి తలుపుకు ఆనుకుని నిలబడింది. మంచిదే, చెడ్డదేం కాదు. అలిసిపోయిన మనిషి.

"చూడల్లంటే చూసిపో. తీసుకపోయేది మాత్రం కుదర్దు" అంది.

"పద్నాలుగేండ్లు వద్దనుకున్న మనిషి నీకిప్పుడు ఏంటికి కావల్ల?"

"నాకు కావల్లని ఎవురు చెప్పినారు? ఆ మనిషి ఒళ్ళు తుడిచే ఓపిక నాకు లేదు. మాయమ్మి అత్తగారోళ్ళు అప్పుడే రెండుసార్లు చూసేకి వచ్చినారు, మళ్ళీ వస్తారు. మంచం మీద మనిషి యాడికి పాయనంటే ఏం చెప్పల్ల? ధర్మవరంలో ఉంచుకున్నామె ఇంటికి పంపినామని చెప్పల్లనా? పెండ్లయి పది దినాలు కాలేదు."

చౌడక్కకు ఆ మాట తగిలింది. ఉంచుకున్నామె. ఇంతకాలం వీధి అన్నా పట్టించుకోని మాట, ఆయన వింటుండగా, ఆ గదిలో తగిలింది. అయినా తేరుకుని "నేనే చూసుకుంటాను, నాకు ఇయ్యండి" అని బతిమాలింది. చేతులు పట్టుకుంది. పద్మావతి చేతులు విడిపించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎట్లాంటి న్యాయమో చూడండి. కావాలన్నామెకు హక్కు లేదు, హక్కున్నామెకు అక్కర లేదు. మధ్యలో ఆయన మంచం మీద పడి పైకప్పు చూస్తున్నాడు.

అక్కడి నుంచి తిన్నగా పోలీస్ స్టేషన్‌కు పోయింది. ఆడ కానిస్టేబుల్ ఒకామె, చిన్న వయసే, కుర్చీ వేసి కూర్చోబెట్టి నీళ్ళిచ్చి అంతా విన్నది. "ఆయప్పా నువ్వూ ఒకే ఇంట్లో ఉన్నారని చెప్పేకి ఏదన్నా కాగితం ఉండాదా అక్కా?" అని అడిగింది.

చౌడక్క సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. తన జీవితానికి సంబంధించిన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. చదువు రాని మనిషి. కాగితాల్లో ఏదో ఒకదాంట్లో సంజీవప్ప సంతకం ఉన్నట్టు గుర్తు. "ఆయన చేవ్రాలు ఉండల్ల చూడు మ్మా, కళ్ళజోడు పెట్టుకోని చేసినాడు" అంది ఆశగా.

కానిస్టేబుల్ ఒక్కో కాగితం తిప్పి, ఒకదాని దగ్గర ఆగి, మెల్లగా పైకి చదివింది. "చౌడక్క అను ఈమె భర్త వదిలివేయగా ఒంటరిగా నివసించుచున్నది. ఈమెకు ఎవరి ఆధారమూ లేదు. ఈమె ఇంట వేరెవరూ ఉండుట లేదు. ఇది నాకు స్వయముగా తెలిసిన విషయము. సాక్షి, సంజీవప్ప."

చదవడం అయ్యాక ఆ అమ్మాయి తల ఎత్తలేదు. కాగితం మడిచి, కవర్లో అన్నిటికంటే అడుగున పెట్టి, "ఇది ఎవురికీ చూపియ్యొద్దక్కా. చూపిస్తే ఉండే పింఛనూ పోతాది" అంది. చౌడక్క కవరు గుండెకు హత్తుకుని బయటికి వచ్చింది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్విన రోజు గుర్తుకొచ్చింది. ఆ రోజు అబద్ధంగా రాసిన కాగితంలో ఇప్పుడు దిద్దాల్సిన అక్షరం ఒక్కటి కూడా లేదు. స్టేషన్ గేటు పక్కన కూర్చుని, నలుగురు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది.

మూడు వారాలు గడిచాయి. మగ్గం మీద గుడ్డ తీయలేదు. హజరాబీ గంజి తెచ్చి పెడితే తినేది, లేకపోతే లేదు. కుడిపక్క కూర్చోవడానికి ఇంకెవరినైనా కూలికి పిలుద్దామని హజరాబీ అంటే, ఆమెను కొట్టేంత పని చేసింది.

అప్పుడు మళ్ళీ అమృత వచ్చింది. ఈసారి మెడలో నల్లపూసలు, ఒంటి మీద చీర. చాప మీద బాగానే కూర్చుంది.

"అమ్మ పొద్దున అంగన్‌వాడీకి పోతే సాయంత్రం దాకా నాయన్ని చూసేవాండ్లు లేరు. ఇద్దరు పనామెలు వచ్చినారు, వారానికే మానేసినారు. నాయన ఎవురు తినిపిచ్చినా మింగడు" అంది. కొంచెం సేపు కొంగు అంచు పట్టుకుని చూసింది. "నువ్వు వస్తే... మా ఇంట్లోనే ఉండొచ్చు చిన్నమ్మా. బయటోళ్ళకు మాత్రం పనికి కుదిరినావని చెప్తాం. అంతే."

తలుపు దగ్గర వింటున్న హజరాబీ "అల్లా" అని గట్టిగానే అంది.

 చౌడక్కకు ఈ పిల్ల రెండు చెంపలూ వాయించాలనిపించింది. రెండేళ్ళు ఒక ఇంట్లో ఉండి, ఒక్క పూట మంత్రాలతో అంతా కడిగేసుకుని నల్లపూసలు వేసుకుని వచ్చింది. పద్నాలుగేళ్ళు ఉన్నదాన్ని పనిమనిషిగా రమ్మంటోంది. నోటి దాకా వచ్చింది. కానీ ఎవరు తినిపించినా మింగడు అనే మాట దాన్ని వెనక్కి తోసేసింది.

"ఎప్పుడు రావల్ల?" అని అడిగింది.

"నెలకు జీతం కూడా..."

"జీతం ఏంటికి తల్లీ నాకు?"

"తీసుకోకపోతే అనుమానం వస్తాది చిన్నమ్మా. అత్తమ్మ అన్నీ అడుగుతాది."

మగ్గం మీద గుడ్డ అట్లాగే ఉంచి, ఇంటి తాళంచెవి హజరాబీ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

పెనుకొండలో ఆమెకు వంటింటి పక్కన చాప వేశారు. పద్మావతి ఆమెతో తప్పుగా ఏమీ మాట్లాడలేదు. అసలు మాట్లాడలేదు. పద్మావతి పనికి వెళ్ళగానే ఆ ఇంట్లో ఇద్దరే ఉండేవాళ్ళు. ఆయనకు జావ తాగించి, ఒళ్ళు తుడిచి, పడిపోయిన చేతికి నూనె రాసేది. ఆయన మింగేవాడు. అప్పుడప్పుడు ఎడమ చెయ్యి చాపి, అరచెయ్యి తెరిచేవాడు. మగ్గం దగ్గర చాపినట్టే. చౌడక్క అందులో చెయ్యి పెట్టేది. ఆ వేళ్ళు గట్టిగా మూసుకునేవి. ఆ చేతిలో బలం ఏమీ తగ్గలేదు. సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా అట్లాగే కూర్చునేవాళ్ళు. ఆ కొన్ని గంటల కోసమే ఆమె మిగిలిన రోజంతా భరించింది.

ఒక ఆదివారం అమృత, తేజస్, గిరిజమ్మ పళ్ళు పట్టుకుని వచ్చారు. చౌడక్క కాఫీ గ్లాసులు పెట్టిన పళ్ళెంతో ముందు గదిలోకి వచ్చింది. గిరిజమ్మ గ్లాసు తీసుకుంటూ ఆగిపోయింది.

"నువ్వు మా కోడలి చీర నేసినామెవు గదా? ఈడుండావేమి?"

పద్మావతి వంటింటి గడపలో నిలబడిపోయింది. అమృత ఫోనులోకి తల దించుకుంది. జవాబు చెప్పాల్సింది చౌడక్కే అని అందరికీ తెలుసు.

"మగ్గం నిలబడిపాయ మ్మా. ఈడ పనికి కుదిరినా."

"అయ్యో, అంత మంచి పనిచెయ్యి" అని గిరిజమ్మ నిజంగానే జాలిపడింది.

మంచం మీద సంజీవప్ప అంతా విన్నాడు. మెడ ఇటు తిప్పాడు. మెల్లగా ఎడమ చెయ్యి దుప్పట్లోంచి బయటికి తీసి, గాల్లోకి చాపి, అరచెయ్యి తెరిచాడు. పద్మావతి వైపు కాదు. కూతురి వైపు కాదు. కాఫీ పళ్ళెం పట్టుకుని నిలబడిన మనిషి వైపు.

"ఏం కావల్లంట పాపం?" అంది గిరిజమ్మ.

నాలుగు అడుగులు వేస్తే చాలు. చెయ్యి ఆ చేతిలో పెడితే చాలు. ఆ తరువాత ఏమైనా కానీ. చౌడక్క ఒక అడుగు వేసింది కూడా. అమృత ఫోనులోంచి తల ఎత్తి చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు, ఉత్త భయం. చిన్నమ్మా అని పిలిచిన పిల్ల భయం.

"నీళ్ళు అడుగుతాండాడు మ్మా" అంది చౌడక్క.

స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆ అరచేతిలో పెట్టింది. వేళ్ళు మూసుకోలేదు. గ్లాసు జారి కింద పడి, దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. దుప్పటి తడిసింది. అరచెయ్యి మాత్రం తెరిచినట్టే ఉంది.

"చూసి ఇయ్యొద్దా అమ్మా" అంది గిరిజమ్మ.

"కొత్తామె గదా అత్తమ్మా, నాయన అలవాట్లు ఇంకా తెలీవు" అంది అమృత.

"తప్పయిపాయ మ్మా" అని చౌడక్క గుడ్డ తెచ్చుకుని, వంగి, నేల తుడిచింది.